స్లాట్ పేపరు

కోవూరు బస్టాండు వెనకాల
మోటార్లు వైండింగ్ చేసే కొట్టు నాది.
కాలిన మోటారు విప్పితే వచ్చే వాసన
అన్నం ముద్దలో కూడా వస్తా ఉంటాది నాకు.

నెల్లూరు డాక్టరు నా కాళ్ళకీ చేతులకీ
తీగలు తగిలించి కరెంటు పెట్టి చూశాడు.
సెకనుకి యాభై మీటర్లు ఉరకాల్సిన కబురు
నా కాల్లో పద్దెనిమిదే పోతా ఉండాదంట.
"రాగి బాగానే ఉందా సారూ,
పైన ఇన్సులేషనేనా పోయింది?" అన్నా.
పెన్ను కింద పెట్టి నా మొహం చూశాడాయన.

నరం చుట్టూ పొర ఉంటాదంట.
ఆ పొరని నాలుగుసార్లు కుట్టుకుని
కూర్చోవాల్సిన ప్రొటీను ఒకటి,
పేరు చివర ఇరవై రెండు.
అక్షరం ఒకటి మారి, మడత కుదరక,
తయారైన గదిలోనే ఇరుక్కుపోతా ఉండాదంట.

ఇది నాకు చెప్పాలా?
స్టేటరు గాడిలోకి దించే స్లాట్ పేపరు
నూలుపోగంత తప్పి మడిచినా లోపలికి దిగదు.
తీసి బల్లకింద పారేస్తాం, నేనూ ఖాజా.
సాయంత్రం చీపురు పెట్టి ఊడ్చేస్తాం.
నా ఒంట్లో ఊడ్చే చెయ్యి అలిసిపోయిందంట.
పాడు కాగితాలు గది నిండి
అమ్మ ఇచ్చిన మంచి కాగితాన్ని కూడా
చెయ్యి పట్టుకుని ఆపేస్తా ఉండాయంట.
నవ్వొచ్చింది నాకు.
పుట్టింటికి బయల్దేరిన అమ్మని
మా నాయనా అట్టే ఆపేవాడు.

నాయన పెంచలయ్య.
చేనిగట్టు మీద మోకాళ్ళు ఎత్తెత్తి అడుగేసేవాడు,
కొంగ పెంచలయ్య అనేవాళ్ళు.
చెప్పు ఎక్కడ జారిందో ఆయనకి తెలిసేది కాదు,
వెనకాల నేను ఏరుకుంటా పొయ్యేవాణ్ణి.
ఏ శాపమోనని మా జేజి
పెంచలకోనలో గుండ్లు కొట్టించింది ముగ్గురికి.
శాపం కాదు జేజీ,
మడత.

ఇప్పుడు సన్నతీగ
వేళ్ళ మధ్య ఉందో లేదో తెలవదు నాకు,
కళ్ళతో చూసి పట్టుకుంటా ఉండా.
నేను అటు తిరిగినప్పుడు
కాయిల్ కొసలు ఖాజా ముడేసేస్తాడు,
నేనే వేసినట్టు.

మందు లేదన్నాడు డాక్టరు.
పిల్లకి రావడం, రాకపోవడం సగానికి సగం,
రక్తపరీక్ష ఉంది, చీటీ రాసిస్తానన్నాడు.
చీటీ మడిచి జేబులో పెట్టుకున్నా.
చొక్కాలు మారినాయి, చీటీ మారలా.
నాలుగు నెలలు.

ఈ పొద్దు ప్రసూన నీళ్ళు పోసుకుని
తడికాళ్ళతో వరండా గచ్చు మీద నడిచిపోయింది.
మడమ గుండ్రం, వేళ్ళు అయిదు,
మధ్యన పాదం ఆనాల్సిన చోట...
గోడ పట్టుకుని నేను కిందికి వంగేలోపు
ఎండకి గచ్చు ఆరిపోయింది.

మెగ్గరు పెట్టి చూడకుండా
ఒక్క మోటారునీ కొట్టు దాటించని మనిషిని,
ఇంకోసారి నడువమ్మా అని
అడగలేకపోయా.