ఒక జంటకు ఒకటే లైటు

ఉదయగిరి దుర్గం కింద, అమావాస్య పోయిన మూడోనాడు
రెండు వందల దయ్యాలు బూట్ల లేసులు కట్టుకుంటున్నాయి.
తెల్ల దుప్పటి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.
మావి డిపో రెస్టురూమువి, మూలన నల్లటి ముద్ర ఇంకా పోలేదు.
జంటగా పరిగెత్తాలి, జంటగానే తిరిగి రావాలి,
ఒక జంటకు ఒకటే లైటు.

"లైటు డ్రైవరుది" అన్నాడు హజరత్తయ్య,
నుదుటికి కట్టేసుకున్నాడు.
పందొమ్మిదేళ్ళు ఆత్మకూరు రోడ్డు మీద
నేను టికెట్లు చించాను, అతను చీకటి చించాడు.
పోయిన వేసవిలో కళ్ళ డాక్టరు గదిలో లైటార్పి
ఎదర ఏముంది అనడిగితే
"గోడ" అన్నాడంట.
అక్కడ గోడ లేదు, నర్సమ్మ ఉంది.
ఇప్పుడు గ్యారేజీలో టైర్లు లెక్కపెడతాడు.
రేచీకటి అనే మాట డిపోలో ఎవరూ అనరు,
"ఆయనది పగటి డ్యూటీ" అంటారు.

విజిల్. కదిలాం.
సీతాఫలం పొదల మధ్య మట్టిబాట,
అక్కడ దాకా అందరిదీ నవ్వే.
ఒక కుర్రజంట ఫోటో కోసం ఆగి
దుప్పటి రేగుకంపకు తగిలించుకున్నారు.
తర్వాత రాతిమెట్లు.
మెట్లంటే మెట్లా అవి!
ఒకటి మోకాలెత్తు, ఒకటి బెత్తెడు,
పాత రాజులకు కొలబద్ద లేనట్టుంది.

హజరత్తయ్య నా వెనక, లైటు నా వీపు మీద.
నా నీడ నాకంటే ముందు ఎక్కుతోంది,
మెట్టెక్కడుందో దాన్నే అడగాలి.
వెనక బూటు రాయిని తన్నింది.
మళ్ళీ తన్నింది.
"ఏందబ్బయా?"
"ఏం లేదు, పద."
ఆ ఏం లేదు నాకు తెలుసు,
దుత్తలూరు దాటాక స్టీరింగు బిగుసుకున్న రాత్రి
నలభైమందిని వెనకేసుకుని అదే మాటన్నాడు.

నోరు దానంతటదే తెరుచుకుంది.
మెట్టు బాగున్న చోట, రైట్ రైట్.
విరిగిన చోట, హోల్డాన్.
ఎడమకి కట్ చెయ్, కంపుంది. రానీ... రానీ... రానీ...
వెనక అడుగు కుదురుకుంది,
నా అరుపు మీద బరువేసి
బస్టాండు గోడ దాకా రివర్సులో వచ్చే బండిలాగా.
చూపులో ఎవరి వాటా ఎంతో
రాసుకోవడానికి వేబిల్లు లేదు.

కోట వాకిట్లో ఒక శాకిని కాచుకుని ఉంది,
జుట్టు విరబోసుకుని, చేతిలో నిమ్మకాయ.
దయ్యాలకు నిమ్మకాయ పడదంటారు.
ఇదేమో పొదలకూరు కాయ కోసి, ఉప్పేసి, గ్లాసు చేతికిచ్చింది.
"అంకుల్, జాగర్త. పైన చీకటెక్కువ."
"నాకు ఎక్కడైనా అంతేనమ్మా" అన్నాడు.
ఇన్నాళ్ళూ నాకు చెప్పనిది
ఒక దయ్యానికి చెప్పాడు.
నేను గ్లాసు అడుగున మిగిలిన గింజలు చూస్తూ నిలబడ్డాను.

కొండ కొసన గాలి దుప్పట్లు లాగుతోంది.
పెచ్చులూడిన గోడకానుకుని, ఊపిరి తిరిగాక
"ఏం కనపడుతుండాది?" అన్నాడు.
స్టాపులు చెప్పినట్టే చెప్పాను.
కింద ఊరు. బస్టాండు ట్యూబులైట్లు.
సీతారాంపురం వైపు ఏదో బండి పోతోంది.
"లైటు ఒకటేనా?"
"రెండూ వెలుగుతుండాయి."
"అయితే మన డిపోది కాదు."
ఇంత నవ్వు ఇద్దరి పొట్టల్లో ఎక్కడ దాగిందో,
ఎవరో కింద నుంచి నిజంగానే జడుసుకుని అరిచారు.

దిగడం గురించి మోకాళ్ళనడగండి.

వంద జంటల్లో తొంభై మూడు.
పతకం బదులు ఎర్రదారం కట్టిన ఉదయగిరి చెక్క చెంచా
తలా ఒకటి మెడలో వేశారు.
"పాయసం ఎవరు పోస్తారంట?" అన్నాడు హజరత్తయ్య.

తెల్లారగట్ల మొదటి బస్సు.
పాసులు ఇంట్లో మర్చిపోయి డబ్బులిచ్చి ఎక్కాం.
డ్రైవరు కుర్రాడు, మమ్మల్నెరగడు.
హజరత్తయ్య దుప్పటి కప్పుకుని వెంటనే నిద్రపోయాడు,
చెంచా గుండెల మీద ఊగుతోంది.
చెరువుకట్ట మలుపులో
అతని కుడికాలు లేని బ్రేకును తొక్కింది.
నేను కిటికీ వైపు తిరిగాను.
చింతచెట్ల వెనక సన్నగా
పగటి డ్యూటీ మొదలవుతోంది.