నీడకు నీలిరంగు

ఆఫర్ లెటర్లో నా ఉద్యోగం పేరు రెండు వరుసలుంది.
పదకొండు నెలల కాంట్రాక్టు,
అద్దె భత్యం నిబంధనలకు లోబడి.
తార్నాకలో మా హాస్టల్ ఆంటీకి చదివి వినిపిస్తే
ఆమెకు అందింది ఒక్క ముక్కే:
"వాటర్ సెక్యూరిటీ అంటే
ట్యాంకు దగ్గర కాపలానా అమ్మా?"

కాపలానే అనుకోండి, ఆంటీ.
ఐదు రోజులకోసారి
ఒక కన్ను ఈ ఊరి మీదుగా పోతుంది.
అది చూసిందంతా గళ్ళు గళ్ళుగా నా బల్ల మీదికొస్తుంది.
ఒక్కో గడి పది మీటర్లు.
అందులో ఒక ఇరానీ హోటలు పడుతుంది,
లేదా రెండు బర్రెల కొట్టం, పక్కన వేపచెట్టు,
లేదా ఎవరిదో ఇరవయ్యేళ్ళ ఈఎంఐ.
గడిగడినీ నేను అడగాలి:
నువ్వు నీరా, కాదా?
మూడో జవాబు సాఫ్ట్‌వేర్‌లో లేదు.

వానాకాలం అడిగితే మబ్బు అడ్డం.
"మేఘాలు తీసెయ్ హిమజా" అంటారు కాత్యాయని మేడం.
నీళ్ళ లెక్క కోసం మేఘాల్ని తుడిచే కొలువు!
మా ముత్తాత వింటే
చెంప వాయించి ఉండేవాడు.

నార్సింగి అవతల దొరికింది
ఏ రికార్డులోనూ లేని ఒక నీలం మరక.
నవంబరులో చిన్నది,
జనవరికి ఒళ్ళు చేస్తుంది,
ఏప్రిల్‌కి ఎండిపోతుంది,
అచ్చం కుంటలాగే.

మూడు బస్సులు మారి, చేతిలో జీపీఎస్‌తో వెళ్ళాను.
అక్కడ నలభై రెండంతస్తుల టవరు.
పొద్దున పదిన్నరకి
వాయవ్యం వైపు పొడుగ్గా పడుకున్న దాని నీడ.
నీడని చూసి నీళ్ళనుకుంది నా ప్రోగ్రాం.
తొంభై ఒక్క శాతం ఖచ్చితం అని
పోయిన వారమే పోస్టరు వేశాం.

గేటు దగ్గర కుర్చీని ఎండలోకి జరుపుకుంటూ
పెంటయ్య నా మెడలో ఐడీ కార్డు చూశాడు.
"నువ్వు గూడ సెక్యూరిటేనా బిడ్డా?"
"నీళ్ళ సెక్యూరిటీ" అన్నాను.
"నాదీ గదే" అని నోట్‌బుక్ తీశాడు.
ట్యాంకర్ నంబరు, వచ్చిన టైము, డ్రైవర్ సంతకం.
నిన్న నలభై ఏడు. మొన్న యాభై రెండు.
ఒక పేజీ మీద చాయ్ గ్లాసు గుండ్రని మరక.
పైనున్న ఏ కన్నూ చూడని లెక్క.
ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను,
పేజీలు తిప్పడానికి ఆయన వేలు తడి చేసుకుంటుంటే.

నీడ సంగతి చెప్తే ఆయన నవ్వలేదు.
"మిషిన్ తప్పు జెప్పలే.
ఈడ సాలోళ్ళ కుంట ఉండె.
కొర్రమట్టలు వట్టెటోళ్ళం.
గిప్పుడు నువ్వు నిలవడ్డ తాన
నీకు మెడల్దాక."

నేను నా బూట్లు చూసుకున్నాను.
పేవర్ రాళ్ళు. ఒక చాక్లెట్ కాగితం.
ఎందుకో గడ్డం కొంచెం పైకెత్తాను.

ఆ రాత్రి ఫారం నింపాను.
నీరు కాదు. కారణం: భవనం నీడ.
రిమార్కుల్లో రాశాను:
ఒకప్పుడు మెడలోతు. ఆధారం: మనిషి.
మేడం జవాబు ఒక్క వాక్యం:
ఆధారానికి సంవత్సరం కావాలి.

ఫోన్ చేశాను.
వెనక ట్యాంకర్ రివర్స్ తీస్తున్న మోత.
"యాడాదులు నాకేమెర్క బిడ్డా,
మా పెద్దపిల్ల పుట్టిన యేడు
అలుగు దుంకింది.
మల్ల దుంకలే."

అందుకని ఇప్పుడు
పాత ఉపగ్రహం బొమ్మల్లో
ఒక ఆడపిల్ల పుట్టిన ఏడు వెతుకుతున్నాను.
అప్పట్లో గడి అంటే ముప్పై మీటర్లు,
రంగులు వెలిసి, అంచులు బరకగా.
తెల్లవారుజామున మూడింటికి తగిలింది కుంట,
మొత్తం ఏడు గళ్ళు.
ఆరింట్లో నీరు.
ఏడోదాని మీద చిన్న మబ్బు.

తుడవలేదు.