నాలుగు కాళ్ల మాట

దుత్తలూరు సెంటర్లో ఎరువుల కొట్టు అరుగు మీద
ముప్పై ఏళ్లుగా కుర్చీలు అల్లుతున్నాను.
బేంకు కుర్చీ, బడి కుర్చీ,
పంచాయతీ ఆఫీసులో ఎక్కినోళ్లు దిగని కుర్చీ.
వైరుకి ఒక రేటు, బెత్తానికి ఒక రేటు.

ఆ మాట యాడిదని ఎవురన్నా అడిగితే
"ఏముందబ్బా, కూర్చుంటాం గనక కుర్చీ" అనేవాణ్ణి.

మొన్న నర్రవాడ వెంగమ్మ వచ్చింది,
కువైట్లో తొమ్మిదేళ్లు ఇంటిపని చేసి.
నడుం కుంగిన కుర్చీ ఆటోలోంచి దించి
వైరు రంగు తేల్చకుండానే మొదలుపెట్టింది:

"పోయిన మొదటి రోజన్నా,
ఆమె చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలా.
నీళ్లు నీళ్లు కాదు, ఉప్పు ఉప్పు కాదు.
వేలు చూపించి 'కుర్సీ' అనింది చూడూ,
మనూరి మనిషి ఎదురైనట్టు ఏడుపొచ్చింది.
జావా నించి వచ్చిన సుమియాతీ కుర్సీ అనే అనింది.
లాహోరు డ్రైవరూ అంతే.
కేరళ వంటాయన ఒక్కడే కసేర అనేవాడు,
అది ఏ ఓడెక్కి వచ్చిందో మరి.
నేనూ సుమియాతీ తుడిచేవాళ్లం. పన్నెండు కుర్సీలు."

నా చేతిలో వైరు ఆగింది.

చిన్నప్పుడు జొరమొస్తే
జేజి నా నుదుటి మీద ఊదేది, ఆయతుల్ కుర్సీ.
అది ఆకాశాలంత, భూమంత అని చెప్పేది.
దూదేకులోళ్ల పిలగాణ్ణి, తెలుగు తప్ప రానోణ్ణి,
ఆ మాటా నా పొట్ట నింపే మాటా
ఒక్కటేనని ఏనాడూ తట్టలా.

ఎన్ని ఇసక దిబ్బలు దాటిందో,
ఏ దండు వెనక మూటలమోత నడిచిందో,
ఉదయగిరి కోట ఎక్కి దిగిందో లేదో,
మన దగ్గరికొచ్చేసరికి కాళ్లు పీకి ఉంటాయి.
ఇక్కడ 'కూర్చో' అనే మాట
కాస్త పక్కకి జరిగి చోటిచ్చుంటుంది.
ఆ చనువుకే, సీ కాస్తా చీ అయ్యుంటుంది.

"మరి నువ్వు కూర్చున్నావా వెంగమ్మా, వాటిల్లో?"

"యాడన్నా. తొమ్మిదేళ్లూ నేల మీదే."

నిలబడే చెప్తోందని అప్పుడు చూశాను.
పక్కనున్న బేంకు కుర్చీ ముందుకి లాగాను.
సగమే అల్లింది, నడిమధ్య బొక్క.
చూసి నవ్వి
అరుగు అంచున కూలబడింది, చెప్పులు విడిచి.

"ఎరుపు వెయ్యన్నా" అనింది కాసేపటికి.
"లాగి బిగించి వెయ్యి."