తూకం

పలాస. జీడిమిల్లు వెనక రేకుల షెడ్డు.
సగం డీజిలు, సగం పిక్కతొక్కల గ్యాసు తాగే ఇంజను.
పొగగొట్టానికి నా పరికరం తగిలించి
తెల్ల ఫిల్టరు కాగితం బిగించాను.

"గ్యాసు కలిపినకాడి నుంచి పొగ అవుపడ్డం నేదమ్మా"
డ్రైవరు దాలయ్య మాటలో కాస్త గర్వం.

ఇరవై నిమిషాలు.
కాగితం నడుమ బూడిదరంగు మరక,
అరిగిన పావలా అంత.

శ్రీకాకుళం లాబులో, గాజు తక్కెడ ముందు
ఊపిరి బిగబట్టాను.
నా ఊపిరికి కూడా అంకె చెదురుతుంది.
ఉత్త డీజిలుకి రెండున్నర మిల్లీగ్రాములు,
దీనికి ఒకటి కూడా లేదు.

మర్నాడు చెబితే
దాలయ్య నవ్వబోయి దగ్గాడు,
చాలాసేపు.
తువ్వాలు మడిచి భుజాన వేసుకుని
నా డబ్బాలోకి తొంగిచూశాడు:

"ఒకటి మిగిలినట్టుంది.
నా మూతికి కట్టీయమ్మా,
సందేళకి తూద్దువు."