వలకన్ను

నేవీ క్వార్టర్స్ నుంచి అట్టపెట్టెలో పెట్టి తెచ్చిందావిడ,
పాత పోస్టాఫీసు వెనక నా కొట్టుకి.
మూత తియ్యగానే లేచి కూర్చుంది
పది పొరల తెల్లటి గౌను.
గౌను కాదట. టూటూ.
"ఎల్లుండే ప్రోగ్రాం మాస్టారూ, కుక్క లాగేసింది."
మూడో పొరలో అరచేయంత చిరుగు.

నలభై ఏళ్ళుగా కత్తెర పట్టిన చేతులివి.
జాకెట్టు, పంజాబీ డ్రెస్సు, పోర్టు కళాసీల ఖాకీ,
ఏదైనా చూపుతోనే కొలిచేస్తాను.
దీనికి మాత్రం సూది ఎక్కడ దించాలో తెలియలేదు.
గుడ్డంటే దారం.
ఇది దారం మధ్యలో ఇరుక్కున్న గాలి.

డాన్సు నేర్పే రొవీనా టీచరు
నా బెంచీ మీద కూర్చుని దాని కథ చెప్పింది.
మొదట్లో చీలమండ దాకా దిగేదట, గంటలా.
కాళ్ళు చేసే పని జనానికి కనపడాలని
ఏళ్ళు గడిచేకొద్దీ మోకాలెక్కి, తొడెక్కి
చివరికి నడుం దగ్గర పళ్ళెంలా పరుచుకుందట.
ఆ పేరు కూడా ఫ్రాన్సులో పసిపిల్లల పిర్రలకి ముద్దుపేరంటారని చెప్పి
ఆవిడే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పట్లో దొరసానుల లంగాల కింద
ఉక్కు చట్రాలుండేవి అనగానే
నాకు మా ముత్తవ్వ పెరడు గుర్తొచ్చింది.
నేను చూడలేదు, విన్నాను.
విక్టోరియా రాణి రోజుల్లో, జ్వరంతో పోయిన ఒక దొరసాని సామాను
రేవు దగ్గర వేలం వేస్తే
మా తాతకి తాత అణా పెట్టి కొన్నాడట ఒక చట్రం.
చుట్టు మీద చుట్టు, కింద వెడల్పు, పైన సన్నం.
దాన్ని విప్పి చూసి కుట్టు నేర్చుకుందామనుకున్నాడు.
ఈలోగా ఇంట్లోవాళ్ళు బోర్లించి
కోళ్ళు కమ్మేశారు.
ఉప్పుగాలి కొరుక్కు తినేదాకా
ఆ దొరసాని గుమ్మటం లోపల
మా కోళ్ళు పొదిగాయి.
వాటికి ఊపిరాడింది.
తిమింగలం ఎముకల నడికట్టు బిగించుకుని
మే నెల విశాఖలో
ఆవిడకి ఎలా ఆడిందో.

చివరికి పెదజాలరిపేట వెళ్ళి
వలలు బాగుచేసే పోలమ్మని బతిమాలి తెచ్చాను.
వెలుగుకెత్తి చూసింది.
"ఏటి బాబూ ఇది? ఏ సేపకేసిన వల?"
కన్ను మరీ చిన్నదంది.
నీటి పురుగు కూడా తప్పించుకోలేదంది.
కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి
చిరుగు అంచున మొదలెట్టింది, కన్నుకి కన్ను.

టీచరు ఊరుకోక ఇంకా చెప్పింది.
ఆ రోజుల్లో స్టేజీ అంచున గ్యాసు దీపాలట.
తిరుగుతూ తిరుగుతూ అటు వాలితే చాలు
దూదికంటుకున్నట్టు అంటుకునేదట.
మంట పట్టకుండా మందులో ముంచిన గుడ్డ ఇస్తే
బిరుసెక్కుతుందని, తెలుపు చచ్చిపోతుందని
వద్దన్నారట ఆ పిల్లలు.

పోలమ్మ చెయ్యి ఆగింది.
"ఆల్ల పేర్లేటి?"
టీచరు ఒకే ఒక్క పేరు చెప్పింది.
నాకు నోరు తిరగలేదు.
పోలమ్మ పెదాలు రెండుసార్లు కదిలాయి.
ముడి వేసి
దారం పంటితో కొరికింది.

సాయంత్రం తన్మయి వచ్చి తొడుక్కుంది.
నా గుమ్మం రెండడుగులు, గౌను మూడు.
పిల్ల ఒక్క క్షణం ఆగి
ఓ అంచు పైకెత్తి పట్టుకుని
ఇసకలో పీతలా అడ్డంగా
వీధిలోకి వెళ్ళిపోయింది.
ఐసు పెట్టెలతో వస్తున్న ఆటో ఆగింది.
పిల్ల మునివేళ్ళ మీద లేచి తిరిగింది.
చిరుగెక్కడో నాకే దొరకలేదు.

కూలి ఇస్తే లెక్కపెట్టకుండా బొడ్లో దోపుకుని
పోలమ్మ మెట్టు దిగింది.
మళ్ళీ వెనక్కి వచ్చి
ఆ తల్లితో కాదు, నాతోనూ కాదు,
టీచరుతో అంది.
"దీపాలు దూరంగా ఎట్టమనమ్మా."