కుబుసం విడిచే రాత్రి

మైపాడుకి ఇవతల, ఉప్పుకాలవ పక్కన
వేణుగోపాలరెడ్డి రొయ్యల గుంటలు ఆరు.
రాత్రి కాపలా నాది.
మంచె మీద మూత విరిగిన లాప్‌టాపు,
దోమల చుట్ట, టార్చిలైటు,
ఎడమ చెవి మాత్రమే పలికే హెడ్‌ఫోను.

ఏరియేటర్లు తిరగతానే ఉంటాయి.
మొదటి పంటకి తలనొప్పి వచ్చేది.
రెండో పంటకి అలవాటైంది.
మూడో పంటకి
అవి ఆగితేనే మెలకువొచ్చేది.

ఇందుకూరుపేట ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే సుభానీ
వాడూ జపాను బొమ్మల వీడియోలు కడతాడు.
వాడి దాంట్లో క్షణానికి నాలుగు కత్తులు,
డప్పు పడ్డ చోటల్లా ఒక తల.
చూసినోళ్ళు లక్ష దాటారు.
నాది చూసింది నూట పద్నాలుగు మంది,
అందులో ముప్పై సార్లు నేనే.

నాక్కావాల్సింది ఆ కొట్లాట కాదు.
ఇరవై నాలుగు భాగాల్లో ఎక్కడో
ఆ పొట్టిజుట్టు పిల్ల, అంతా అయినాక,
వీధి కుళాయి కాడ చేతులు కడుక్కుంటది.
పదకొండు సెకన్లు. మాట లేదు.
నీళ్ళు ముందు ఎర్రగా, తర్వాత ఊరికే నీళ్ళు.
వెనక కరెంటు తీగ మీద ఒక కాకి
ఎగరాలా వద్దా అని.
కథ నడిపేవాళ్ళు ఊపిరి తీసుకోను వదిలిన జాగా అది.
నేను అక్కడే కాపురం పెట్టా.

ముందు దాని సొంత చప్పుడు ఒలిచేశా.
అమావాస్యకి రొయ్య కుబుసం విడుస్తది, చూశారా,
పాత పెంకు గాజుకాయితంలా తేలతా ఉంటే
అడుగున అది మెత్తగా, ఒట్టి కండగా,
ఎవురు తాకినా చిరిగేటట్టు పడుంటది.
ఆ రాత్రి మేత తగ్గిస్తాం, సున్నం చల్లతాం,
గుంటలోకి ఎవుర్నీ దిగనీం.
చప్పుడు ఒలిచిన బొమ్మా అంతే.
దాని మీద డోలు వేస్తే చచ్చిపోద్ది.

అందుకే, పేరు పలకను కూడా రాని ఊళ్ళో ఎవురో
యంత్రాల మీద నిదానంగా అల్లింది వెతికా.
పాట అనకూడదు దాన్ని.
పెన్నా మీద పొగమంచు లేచినట్టు
ఒకే స్వరం లేచి, లేచి, ఎక్కడా వాలదు.
నిమిషానికి అరవై దెబ్బలు, అవీ దూరంగా,
కాలవ అవతల ఎవురో గుడ్డలుతికినట్టు.
దాని అడుగున మా రెండో గుంట ఏరియేటరు కలిపా,
గాలి లేని రాత్రి ఫోనులో పట్టింది.

కట్ చెయ్యకుండా ఉండటమే కష్టం.
వేలు ఊరుకోదు.
పదకొండు సెకన్లని నలభై చేశా.
కాకి రెక్క విప్పను ఒక యుగం పట్టింది.
"ఏందిరా పెంచలూ, ఏం జరగటంలా" అన్నాడు సుభానీ.
"జరగటంలా" అన్నా.
అంతకు మించి చెప్పను తెలవలా.

ఒక రాత్రి మూడింటికి కరెంటు పోయింది.
ఆరు గుంటలూ ఒక్కసారే నోరు మూశాయి.
జనరేటరు మొరాయించింది.
హ్యాండిలు తిప్పతా, తిప్పతా,
పావుగంటకి టార్చి వేసి చూద్దును గదా
నీళ్ళ మీదకి ఎర్రెర్రటి చిన్న కళ్ళు,
వేలకి వేలు,
గాలి కోసం.
ఒక్క చప్పుడు లేదు.
అంటుకుంది చివరికి. ఎట్టా అంటుకుందో.
తెల్లారినాక వీడియోలో, ఆ పిల్ల కుళాయి కట్టేసే చోట
నాలుగు సెకన్లు అన్నీ తీసేశా.

షెడ్డులో రొయ్యల తలలు తీసే రవణమ్మక్క
మేత బస్తా మీద కూర్చోని చూసింది.
ఐసులో నాని నాని పాసిన వేళ్ళు, ఫోను వాటికి పలకదు,
నేనే నొక్కి ఇచ్చా.
"సబ్బు లేదంట్రా పిల్లకి" అంది మధ్యలో.
అయిపోయినాక ఫోను తిరిగియ్యలా.
"అయిపోయిందక్కా."
"యాడయిపోయింది, ఇనపడతా ఉండాదిగా."

ఉండాది.
రెండో గుంటలో నాలుగో చక్రం కొంచెం తేడాగా.
రేపు బేరింగు మార్చాల.