గీకిన చోటు

కోస్గి జూనియర్ కాలేజీ, రెండో పీరియడు.
రేకుల కప్పు అప్పటికే కాగుతోంది.
బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు పగలగొట్టి
సముద్రాన్ని డికాక్షన్ చేసిన రాత్రి గురించి చెప్పాను.
వెనక బెంచీ నుంచి ఎవడో "చక్కెర?" అన్నాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఫిలడెల్ఫియా.
కిటికీలు మూసుకుని ఎండకాలమంతా
పెద్దమనుషులు వాదులాడుకున్న గది.
మనుషులంతా సమానమని పదకొండేండ్ల కింద చాటిన దేశమే
బానిసను ఎంత మనిషిగా లెక్కగట్టాలని బేరం పెట్టింది.
ఐదుగురికి ముగ్గురు.
తెగింది బేరం.

"రెండు మార్కుల ప్రశ్న, రాసుకోండి" అన్నాను.
పెన్నులన్నీ కదిలాయి,
మూడో బెంచీలో అంజిలమ్మది తప్ప.

వాళ్ల నాయన ఆశప్ప మేస్త్రి.
దసరా దాటిందంటే లారీ నిండా మనుషులతో
కాలువ పనులకు పోతాడు, ఏ రాష్ట్రమంటే ఆ రాష్ట్రానికి.
అక్షరం రాదాయనకు.
ఎర్ర అట్ట బుక్కులో అడ్వాన్సులు, వేలిముద్రల పక్కన పేర్లు,
ఎవరిది నిండు కూలి, ఎవరిది అర,
అంతా బిడ్డ రాతే,
జొన్నగింజలు పేర్చినట్టు.

"సారూ, గది రాసినాయన చేతిరాత మంచిగుంటదా?"

నా నోట్సులో లేని ప్రశ్న.
కోఠీ ఫుట్‌పాత్ మీద పన్నెండు రూపాయలకు కొన్న
పాత బొమ్మల పుస్తకం మర్నాడు సంచిలో వేసుకొచ్చాను.
తోలు మీద నాలుగు పుటలు.
రాసింది ఆ పెద్దమనుషులెవరూ కాదు,
ముప్పై డాలర్లకు కుదిరిన గుమాస్తా.
చివర, సంతకాల పక్కన సన్న అక్షరాల్లో
తన తప్పులు తనే ఒప్పుకున్నాడు:
మొదటి పుట, పదిహేనో వరుస, 'ముప్పై' అన్న మాట
కొంత గీకిన చోట రాయబడింది.

నలభై ఉండేదట అక్కడ.
నలభై వేల మందికి ఒక్క ప్రతినిధి.
ఆఖరు రోజు వాషింగ్టన్ లేచి
ముప్పై అయితే మేలన్నాడు, ఒక్కరూ కాదనలేదు.
తోలు గీకారు.

అంజిలమ్మ వేలు ఆ వరుస మీద ఆగింది.
"ఐదుల మూడు ఎక్కడ సారూ?"
అదే పేరా. కొంచెం పైన.
"గింత దగ్గర్కొచ్చిన కత్తి..."

నేను పంతులునయ్యాను.
మూడు గీకి ఐదు చేసినా బానిసకేం రాదమ్మా,
యజమానులకే సీట్లు పెరుగుతాయి.
అసలు బానిస అన్న మాటే లేదు ఇందులో.
'ఇతర మనుషులు' అని ఉంది, చూడు.

చాలాసేపు చూసింది. ఇంగ్లీషు కూడబలుక్కుంది.
"గట్లయితే అంకె గాదు సారూ,
గీకాల్సింది ఇతర."
గంట కొట్టారు. డస్టర్ వెతుక్కుంటూ ఉండిపోయాను.

పది రోజులకు బస్టాండు హోటల్లో ఆశప్ప కలిశాడు.
లారీ తెల్లారి బయలుదేరుతుందట.
"మీ చదువు మండ, చూడుండ్రి,
నా బుక్కు కరాబు చేసింది పోరి."

బ్లేడుతో గీకింది.
పల్చబడ్డ కాగితంలోంచి హోటల్ బల్బు కనిపిస్తోంది.
'వెంట వచ్చినవాళ్లు, ఇద్దరు' అని ఉండాల్సిన చోట
ఊశప్ప, పదకొండేండ్లు.
తిప్పమ్మ, తొమ్మిది.
ఎదురుగా 'అర', 'అర' అట్లనే ఉన్నాయి,
వాటిని ముట్టుకోలేదు.
అడుగున సన్నగా:
నాలుగో వరుసల మాట గీకి రాసినది. అంజిలమ్మ.

ఆశప్పకు మచ్చ ఒక్కటే కనిపిస్తుంది.
సాసర్‌లో చాయ్ పోసి నా దిక్కు జరిపి
వేలు సరిగ్గా అక్కడే పెట్టాడు.
"ఏం రాసింది సారూ? జర గట్టిగ చదువుండ్రి."